ఇరుకైన వల కళ్లు

సూర్యకళ పనిచేసే ద్వారకా నగర్ ఆఫీసులో నాలుగు రోజులుగా మాటతీరు మీద శిక్షణ నడుస్తోంది. ఆ రోజు అందరికీ వ్యక్తిత్వ పరీక్ష పెట్టారు. మాటతీరు బాగుపడాలంటే ముందు ఎవరి స్వభావం వాళ్లకు తెలియాలట. సూర్యకళ కాగితం మీద ‘మితభాషి’ అని వచ్చింది. ఆఖరి ప్రశ్న ఇంటి దగ్గర రాసుకురమ్మన్నారు: మీ ఇంట్లో మీ మనసు ఎవరికి తెలుసు? ఒళ్లు మండి, ఆమె బస్సులోనే పెన్సిలుతో గీకేసింది: ఎవరికీ తెలియదు.

జాలారిపేట చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇసుక మీద పరిచిన నీలం వల గాలికి కదులుతుంటే సముద్రమే ఒడ్డుకొచ్చి కునుకు తీస్తున్నట్టుంది. దూరాన, రేవులో చోటు కోసం ఆగిన ఓడల్లో ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతున్నాయి. తండ్రి దాలయ్య వల చిరుగులు అల్లుతున్నాడు. సూర్యకళ రోజూలాగే ఎదురుగా కూర్చుని, మాటా పలుకూ లేకుండా తనూ అల్లసాగింది.

కాసేపటికి దాలయ్య ఆమె అల్లిన వరస మీద బొటనవేలు పోనిచ్చి ఆగాడు.

"ఆఫీసులో ఏటైందమ్మా?"

"ఏటీ లేదు నాన్నా."

"నీ మనసు బాగుంటే వల కళ్లు సమంగా పడతాయి. నాలుగు రోజుల్నించి ఇరుగ్గా పడతన్నాయి. నువ్వే సెప్తావని సూత్తన్నాను."

సూర్యకళ కాగితం తీసి, రాసినదాన్ని వేలితో రుద్దింది. ఆ మరక మీదే ‘నాన్న’ అని రాసింది. ఆ తర్వాత ఓడలన్నీ వెలిగేదాకా మాట్లాడుతూనే ఉంది. దాలయ్య ఆ ఇరుకు కళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ విన్నాడు.