రెండో కుర్చీ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, మా బట్టల ఫ్యాక్టరీ మైకులో నా నంబరు వినపడటం. పాపకు ఒళ్లు వెచ్చబడితే భయమే, మా ఆయనకు వారంలో మూడు రోజులే పని దొరుకుతోందంటే భయమే. కానీ ఆ మైకు గరగరమన్నప్పుడు పట్టుకునే భయం వేరు. ఆర్డర్లు తగ్గిన ఈ నాలుగు నెలల్లో ఆఫీసు గదికి పిలిచినవాళ్లలో మళ్లీ మిషను ముందు కూర్చున్నవాళ్లు వేళ్ల మీద లెక్క.

ఆ రోజు పొద్దున మైకు ఇంకా మోగలేదు. పక్క మిషను మీద కుర్చీ అక్క కాలర్లు కుడుతోంది. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఒకవైపే వంగి కుట్టడం వల్ల ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది. ఎప్పుడో సూది దిగిన బొటనవేలి గోరు రెండుగా చీలి, అలాగే పెరుగుతోంది. మధ్యాహ్నానికల్లా బట్టల నూగు కనుబొమ్మల మీద పేరుకుని ఆమెను ఇంకో పదేళ్లు ముసలిదాన్ని చేస్తుంది. ఇన్నేళ్లలో ఆమెకు మంచి పనిమంతురాలని బహుమతీ రాలేదు, పని చెడగొట్టావని తిట్లూ పడలేదు. ఉందంటే ఉంది, లేదంటే లేదు, అలాంటి మనిషి.

కుర్చీ అక్క అన్న పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఆర్డర్లు పుష్కలంగా ఉన్న కాలంలో కార్మిక సంఘంవాళ్లు తొమ్మిది రోజులు పని ఆపి చాలా అడిగారట. వాటిలో చివరికి నిలిచింది ఒక్కటే. ఎవరినైనా ఆఫీసు గదిలోకి పిలిస్తే, పక్కన రెండో కుర్చీ వేయాలి, అందులో సంఘం మనిషి ఒకరు తోడుగా కూర్చోవాలి. అప్పట్లో సంఘంలో బాగా మాట్లాడేవాళ్లు ఉండేవారు. మాట్లాడేవాళ్లంతా ఒక్కొక్కరే ఫ్యాక్టరీ వదిలి వెళ్లిపోయారు. మాట్లాడటం రాని ఈమె మిగిలింది. ఎవరి నంబరు పిలిచినా కుడుతున్న కుట్టు ముగించి, దారం తెంపి, కళ్లజోడు తీసి పెట్టి, వెనకాలే నడుస్తుంది. లోపల ఆ రెండో కుర్చీలో కూర్చుని ఒక్క మాటే అంటుంది: "పైకి చదవండి సార్."

అక్కడ కాగితం ముందే రాసి ఉంటుంది. ఇంటి పరిస్థితుల వల్ల సొంత ఇష్టంతో మానేస్తున్నాను అని. కళ్లతో చూస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, చెయ్యి దానంతట అదే సంతకం పెట్టేస్తుంది. పైకి చదివితే మాత్రం చదివేవాళ్ల గొంతే సన్నబడుతుంది. వినేవాళ్లకు 'ఇది నా మాట కాదు' అనే ధైర్యం కాస్త వస్తుంది. సంతకం పెట్టనివాళ్లకు ఇంకో కాగితం ఇవ్వాల్సి వస్తుంది, పని లేక ఆపాం, పని రాగానే ముందు మిమ్మల్నే పిలుస్తాం అని. రెండు కాగితాలతోనూ ఉద్యోగం పోయేదే. అయితే ఒకదానిలో మనం వెళ్లిపోయినట్టు, రెండోదానిలో వాళ్లు ఆపినట్టు. మళ్లీ పిలుస్తారన్న ఆ ఆశ ఏపాటిదో నాకు పాప పుట్టాకే అర్థమైంది.

టీ వేళ, గుండీలకు కాజాలు కుట్టే, మేమంతా వదినా అని పిలిచే ఆవిడ అక్కను ఆటపట్టించింది.

"ఆర్డర్లే లేనప్పుడు మీ సంఘం ఏం కుడుతుందే? గాలిని కుడుతుందా?"

"గాలిని కుట్టలేం వదినా. మన నోళ్లు మనమే కుట్టేసుకోకుండా ఉంటే చాలు."

"చింత చచ్చినా పులుపు చావలేదు నీకు," అని వదిన నవ్వింది.

"అక్కా, లోపల నీకు భయం వేయదా?" అని అడిగాను.

"ఎందుకు వేయదు? అందుకే కుర్చీ గోడకి ఆనించుకుంటా. వెనకాల ఏదో ఒకటి ఉండాలిగా."

పదకొండు దాటాక మైకు గరగరమంది. నా నంబరే. రొమ్ముల్లో పాలు ఒక్కసారిగా చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. కొంగు కప్పుకుని లేచాను. వెనక దారం తెంపిన చప్పుడు వినపడింది.

ఆఫీసు గదికి మూడు వైపులా అద్దాలు. మేనేజరు సారు కాగితం నా వైపు జరిపాడు.

"చంటిపిల్ల ఉందటగా అమ్మా. ఇంటిపట్టున ఉండటం నీకే మంచిది. ఇక్కడ పెట్టు సంతకం."

ఆయన కసురుకుని ఉంటే బాగుండేది. అంత మెత్తగా చెప్పేసరికి కలం తీసేసుకున్నాను.

"పైకి చదవండి సార్," అంది అక్క.

"ఆమెకి చదువొచ్చుగా?"

"వచ్చు సార్. మీ నోటితో వినాలని."

చదివాడు. నా బిడ్డను చూసుకోవడం కోసం, ఎవరి బలవంతమూ లేకుండా, అన్నచోట కలం కింద పెట్టేశాను. "నాకిష్టం లేదు సార్," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

సారు కాగితాన్ని మడిచాడు. "సరే, పోయి పని చేసుకో. చూద్దాం." అక్క వైపు తిరిగాడు. "నీకు తోడు ఎవరొస్తారో, అదీ చూద్దాం."

అన్నం తిని వచ్చి కూర్చున్నామో లేదో అక్క నంబరు పిలిచారు.

ఆమె కుట్టు ముగించి లేచింది. లైను పొడవునా ఒకసారి చూసింది. అక్క కాక ఆ లైనులో సంఘం కార్డు ఉన్నవాళ్లం నలుగురం, అందులో నేనూ ఉన్నాను. మిగతా ముగ్గురి వైపూ చూసింది, ఎవరూ లేవలేదు. నా వైపు మాత్రం చూడలేదు. చంటిబిడ్డ తల్లినని, చూడకుండా నన్ను వదిలేసింది. అది నాకు తెలిసింది. తెలిసీ తల దించుకున్నాను. ఈ కట్టలోని చొక్కా కఫ్‌లు కుట్టడం అవగానే లేస్తాను అనుకున్నాను.

అద్దంలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. సారు కుర్చీ చూపించాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. తలుపు దగ్గరి మిషను వదినది. అక్కడినుంచి మాట ఒకరి నోటినుంచి ఒకరికి దొర్లుతూ నా దాకా వచ్చింది.

"తోడొచ్చాక కూర్చుంటానంటోంది."

కట్ట అయిపోయింది. ఇంకో కట్ట విప్పాను. పాప మొహం కళ్ల ముందే ఉంది. పొద్దున లేచి వెళ్తుంటే అత్తయ్య చంకలోంచి నా వైపు చేతులు చాచింది. రెండో కట్ట అయింది. సారు బయటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడే ఉంది. బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. ఆ గదిలో ఆనుకోవడానికి ఆమెకు గోడ కూడా దూరమే.

ఒకసారి లేచాను కూడా. అందరూ నన్నే చూశారు. నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లి, నీళ్లు తాగి, వచ్చి కూర్చున్నాను.

మూడో కట్టలో కఫ్‌లన్నీ తిరగేసి కుట్టాను. గుండీ రావాల్సినచోట కాజా, కాజా రావాల్సినచోట గుండీ వచ్చేలా. లైను సూపర్‌వైజరు వచ్చి ఒకటి ఎత్తి చూశాడు. ఇంకో రోజైతే పరువు తీసేవాడు. ఆ రోజు మాత్రం అద్దాల గది వైపు ఓసారి చూసి, కట్టను పక్కన పెట్టి వెళ్లిపోయాడు. భయం నా ఒక్కదానిదే కాదని అప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల తగ్గలేదు.

ఐదున్నరకు గంట మోగింది. అందరం ఒకరినొకరు తోసుకుంటూ లేచాం. నేను చేరేసరికి గది ఖాళీ. గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు తగ్గించి చెప్పాడు. "సంతకం పెట్టలేదమ్మా. మిషను దగ్గరికి కూడా వెళ్లనివ్వకుండా ఇటు నుంచి ఇటే పంపారు. రేపటినుంచి లోపలికి రానివ్వొద్దన్నారు."

ఇది జరిగి ఆరు రోజులైంది. ఆమె ఫోను మోగడం లేదు. ఆమెకు ఎవరూ లేరు. ఆమె ఇంటికి ఎవరెవరు వెళ్తున్నారో ఆఫీసువాళ్లు రాసుకుంటున్నారని వదిన చెప్పింది. నిజమో కాదో తెలియదు. అబద్ధమైనా నా కాళ్లు ఆగిపోవడానికి ఆ మాట చాలు. ఈ కష్టకాలంలో సంఘం ఎందుకు, ఎవరి ఉద్యోగం నిలబెట్టింది అని అంటూ ఉంటారు. నా ఉద్యోగం ఇంకా ఉంది. మిషను ముందు కూర్చున్న ప్రతిసారీ ఎవరి వల్ల ఉందో గుర్తొస్తుంది.

ఇది చదివే మీరు మా ఫ్యాక్టరీవాళ్లు కారు. మీ నంబరు మైకులో ఎవరూ పిలవరు. బస్సులు తిరిగేచోట రంగులు అమ్మే కొట్టు ఉంది, దాని పైన మూడో తలుపు ఆమె ఇల్లు. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆఫీసు గదికి వెళ్లేటప్పుడు ఆమె కళ్లజోడు తీసి మిషను మీద పెట్టి వెళ్లేది, సారు మొహం మసకగా కనిపిస్తే భయం తక్కువ అని. ఆ రోజూ అలాగే పెట్టి వెళ్లింది. ఇప్పుడు అది నా సంచిలో ఉంది. కాడ విరిగినచోట నల్లదారం చుట్టి ఉంది, అద్దం మీద నూగు నేను తుడవలేదు. అది లేకుండా ఆ మెట్లు ఎలా దిగుతోందో, అసలు దిగుతోందో లేదో, మీలో ఎవరైనా ఒక్కసారి వెళ్లి చూసి రండి.