ఒకటిన్నర మిల్లీమీటరు

మేనకోడలు బండిని తోసుకుంటూ షెడ్డులోకి వచ్చేసరికి ఆకురాయి అప్పుడే టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ మోటారుసైకిలు ఎర్ర ట్యాంకును చూడగానే తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు వేరే ఉంది. అది ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వినిపించదు. పదహారేళ్ళప్పుడు ఇనుము అరగదీసే ఆకురాయి చేతబట్టాడు, అరవై వచ్చినా దించలేదు. ఆ పనిముట్టు పేరే మనిషికీ అంటుకుపోయింది.

"మావయ్యా, వచ్చే ఆదివారం కొండ పందెం మళ్ళీ పెడుతున్నారు. పాత బళ్ళకి విడిగా పోటీ ఉందట. నాన్న బండి నేను తోలుతున్నా. ఇంజను విప్పి చూడాలి" అంది ఆ పిల్ల. పిల్ల అంటే ముప్పై ఏళ్ళ మనిషి. తండ్రి పనిచేసిన పంపుల ఫ్యాక్టరీలోనే, తండ్రి నిలబడిన చోటే ఇనుము చెక్కే లేత్ నడుపుతోంది.

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోవడమేంటి, తనే పంపించాడు. మీ మావయ్య తప్ప ఇంకెవడూ దాని మీద చెయ్యి వెయ్యకూడదన్నాడు."

ఆకురాయి బండి వైపు అడుగు వెయ్యలేదు. ఎందుకంటే ఆ సిలిండరు లోపల ఆయన చేసిన తప్పొకటి ముప్పై ఆరేళ్ళుగా కూర్చుని ఉంది. విప్పితే అది ఈ పిల్ల కళ్ళ ముందే బయటపడుతుంది. విప్పనంటే ఎందుకని అడుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"స్టాండు వెయ్యి" అన్నాడు చివరికి.

అవి ఎలాంటి రోజులని! ఇప్పుడు డబ్బు పారేస్తే బలమంతా లెక్కకట్టి పెట్టెలో పెట్టి ఇస్తున్నారు. అప్పుడు కంపెనీవాడు బండికి ఏడు గుర్రాల బలం ఇస్తే, దాన్ని పదకొండు చేసుకోవడం మన పని. బావకు, అంటే ఈ పిల్ల తండ్రికి, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజు కోసమే ఆకురాయి మిగతా ఆరు రోజులూ బతికేవాడు. అక్కా బావల ఇంటి వెనక రేకుల వసారాలో, రెండు చెక్క స్టూళ్ళు, ఒక బల్ల, కిటికీ లోంచి పడే వెలుగు. అంతే వాళ్ళ కార్ఖానా. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఆ వీధికి వాళ్ళిద్దరే ఇంజనీర్లు.

ఆముదమంటే గుర్తొచ్చింది. పెట్రోలులో ఆముదం కలిపేవాళ్ళు. అది కాలితే వచ్చే వాసన ఒక్కసారి పీల్చినవాడు చచ్చేదాకా మర్చిపోడు. అక్క మాత్రం ముక్కు మూసుకుని, "నా జుట్టుకి దక్కని ఆముదం మీ బండి పొట్టలోకి పోతోంది. దానికేమన్నా జడ వేస్తారా?" అని కేకలేసేది. సీసా ఎక్కడ దాచినా సాయంత్రానికి ఖాళీ అయ్యేది.

బావ లేత్ పనివాడు. ఆయనకో పిచ్చి ఉండేది. తన చేతి మీదుగా వెళ్ళిన ప్రతి లోహపు ముక్క మీదా, కనపడని వైపు, ఉక్కు సూదితో ఆ రోజు తేదీ గీసేవాడు. తలుపు గొళ్ళెం వెనక ఒకటి. కుట్టు మిషను కింద ఒకటి. అక్క గరిట కాడ మీద కూడా ఒకటి. "పెళ్ళినాడు నా వీపు మీద కూడా గీసే ఉంటాడు, నాకే కనపడట్లేదు" అనేది అక్క.

పని పద్ధతి కూడా బావదే. ఆ చిన్న ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడే సిలిండరు గోడకు పొగ బయటికి పోయే కన్నం ఒకటి ఉంటుంది. దాని పై అంచును కాస్త పైకి తీస్తే పొగ త్వరగా పోతుంది, ఇంజను పరుగులో రెచ్చిపోతుంది. మరీ పైకి తీశామో, పరుగులో పులి, నడకలో పిల్లి. అందుకని సిలిండరు లోపల తెల్లకాగితం చుట్టి, పెన్సిలుతో రుద్ది కన్నం అచ్చు తీసేవాడు బావ. దాన్ని నోటుపుస్తకంలో అంటించి కొలతలు రాసేవాడు. తర్వాత లోపల సూదితో ఒక గీత గీసి, సిలిండరును బావమరిది చేతికిచ్చేవాడు.

"గీత నాది, ఆకురాయి నీది. గీత దగ్గర ఆగు. తీసిన ఇనుము తిరిగి రాదురా."

ఆ చేతిని బావ నమ్మినంతగా ఇంకెవరూ నమ్మలేదు. ఆ నమ్మకంతోనే ఆకురాయి మనిషయ్యాడు.

ఆ ఏడు పందెం పద్నాలుగో తేదీ, ఆదివారం. గెలిచినవాణ్ణి ఒక మోటారు కంపెనీ తన జట్టులోకి తీసుకుంటుందని చెప్పుకున్నారు. లేత్ ముందు నిలబడి కాళ్ళు వాచిపోయే బావకు అది మామూలు విషయం కాదు. బయటికి అనేవాడు కాదు గానీ, పడుకునే ముందు కొండ మలుపులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడని అక్క చెప్పింది.

శనివారం మధ్యాహ్నం బావ పేరు రాయించుకోవడానికి వెళ్ళాడు. శుభ్రం చేయడానికి విప్పిన సిలిండరు బల్ల మీద ఉంది. అంతకుముందే టీ కొట్టు దగ్గర ఎవడో అన్నాడు, ఐసు ఫ్యాక్టరీవాళ్ళ అబ్బాయి తన బండిని మీ దానికంటే పదునుగా చేయించాడట అని. ఇరవై నాలుగేళ్ళ రక్తం. ఆకురాయి సిలిండరు తీసుకుని కిటికీ వెలుగులో చూశాడు. బావ గీత దగ్గర అంచు నున్నగా ఉంది. ఇంకొంచెం తీస్తే ఏమవుతుంది అనుకున్నాడు. 'ఇంకొంచెం' అనేదాన్ని మించిన చెడ్డ మాట మెకానిక్కుల భాషలో లేదు. బావ గెలవాలనే తీశాడు, అందులో అబద్ధం లేదు. ఒకటిన్నర మిల్లీమీటరు తీశాడు.

మర్నాడు పొద్దున బండి స్టార్టు చేస్తే ఎన్నడూ లేనంత గట్టిగా పాడింది. బావ కళ్ళు మెరిశాయి. "ఏం చేశావురా దీన్ని?" అన్నాడు నవ్వుతూ. "శుభ్రం చేశానంతే" అన్నాడు ఆకురాయి.

మూడో మలుపు దాకా బావే ముందు. ఆ మలుపు ముడుచుకుపోయినట్టుంటుంది, బాగా నెమ్మదించక తప్పదు. నెమ్మదించిన బండి మళ్ళీ ఎత్తుకోలేదు. గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు ఉక్కిరిబిక్కిరై, రెండు క్షణాలు ఊరికే గురకపెట్టింది. ఆ రెండు క్షణాల్లో ఐసు ఫ్యాక్టరీ అబ్బాయి పక్క నుంచి వెళ్ళిపోయాడు. తర్వాత కంపెనీ జట్టులోకీ అతనే వెళ్ళాడు.

బావ దిగి హెల్మెట్ తీసి, "రెండో గేరులో తిప్పాల్సింది, మూడులో తిప్పాను. తప్పు నాదే" అన్నాడు అందరి ముందూ. ఆకురాయి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి ఏడాది అయింది. బావ మళ్ళీ పందెం ముఖం చూడలేదు. బండిని ఆకురాయి చేత విప్పించనూ లేదు. "పాత బండికి నువ్వెందుకురా, నేను చూసుకుంటాలే" అనేవాడు. బతికిపోయాననుకునేవాడు ఆకురాయి.

ఒక్కటే అర్థమయ్యేది కాదు. తర్వాతి రోజుల్లో అక్కను వెనక, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని బావ అదే కొండ మీదికి నెమ్మదిగా వెళ్ళొచ్చేవాడు. బండి ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఎక్కేది. అరిగి అరిగి అదే సర్దుకుంది కాబోలనుకునేవాడు. ఇంజన్లు వాటంతటవి సర్దుకోవని ఆయనకు తెలుసు. తెలిసినా అలాగే అనుకునేవాడు.

ఇప్పుడు ఆ ఇంజను బల్ల ముందుంది. పై మూత తీయగానే దాని కింద మందపాటి రాగి బిళ్ళ కనపడింది, చేత్తో కోసి చేసింది. "ఇంత లావు గాస్కెట్టు ఎందుకబ్బా?" అని గొణిగి పక్కన పెట్టాడు. సిలిండరు పైకి లాగాడు.

మేనకోడలు అడగకుండానే సంచిలోంచి తెల్లకాగితం, పెన్సిలు, తండ్రి పాత నోటుపుస్తకం తీసింది. కాగితం లోపల చుట్టి రుద్దింది. అచ్చును పుస్తకంలోని అచ్చు పక్కన పరిచి, పై అంచు నుంచి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"మావయ్యా, నాన్న గీత కంటే ఇది ఒకటిన్నర మిల్లీమీటరు పైకి ఉందేంటి?"

అరిగిపోయిందని చెప్పొచ్చు. వేరే సిలిండరేమో అని బుకాయించొచ్చు. ఆకురాయి స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే తీశానమ్మా. పందేనికి ముందు రోజు, మీ నాన్నకి చెప్పకుండా. ఆ మలుపులో బండి చచ్చిపోయింది నా వల్లే. మీ నాన్న గేరు తప్పేమీ వెయ్యలేదు."

ఆ పిల్ల సిలిండరును చేతుల్లోకి తీసుకుని, ఏం చూడాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి, బోర్లించింది. అక్కడే ఆగిపోయింది.

"పందెం ఏ తేదీన?"

"పద్నాలుగు."

"ఇక్కడ పదిహేడు అని ఉంది. అదే నెల, అదే ఏడు."

ఆకురాయి కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. సిలిండరు అడుగుభాగం కంపెనీ నుంచి వచ్చినప్పటిలా గరుకుగా లేదు. లేత్ మీద చెక్కినట్టు అద్దంలా ఉంది. దాని మీద సన్నని అంకెలు. మేనకోడలు ఎత్తు కొలిచింది. పుస్తకంలో ఉన్నదానికంటే ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ.

"కింద చెక్కి సిలిండరు మొత్తాన్ని దించాడు మావయ్యా. కన్నం మళ్ళీ పాత గీత దగ్గరికి వచ్చేసింది. పిస్టను మూతకి కొట్టుకోకుండా ఆ రాగి బిళ్ళ వేశాడు. పందెం అయిన మూడో రోజే..."

తీసిన ఇనుము తిరిగి రాదన్న మనిషి, దాన్ని ఇంకోవైపు నుంచి తిరిగి తెచ్చాడు. తెచ్చి నోరు మూసుకున్నాడు.

సిలిండరును గుడ్డలో చుట్టుకుని, పనిముట్ల సంచి, నోటుపుస్తకంతో సహా ఇద్దరూ అక్కా బావల ఇంటికి నడిచారు. బావ వసారా కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. రెండేళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆకురాయి గుడ్డ విప్పి సిలిండరును బావ ఒళ్ళో బోర్లించాడు.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నాకూ అదే."

"నీకెందుకు భయం? తప్పు చేసింది నేను కదా!"

"చెప్తే నువ్వు ఇక ఆకురాయి ముట్టవు. నాకు తెలీదూ నీ సంగతి? నా పందెం ఎలాగూ పోయింది. నీ చెయ్యి కూడా పోతే ఒకే ఇంటికి రెండు నష్టాలు."

ఆకురాయి గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకు దాచుకోవాలి, ముప్పై ఆరేళ్ళ ఏడుపది.

"ముప్పై ఆరేళ్ళు ఇద్దరూ మూతికి గాస్కెట్టు వేసుకుని కూర్చున్నారన్నమాట" అంది అక్క. "కూరలో ఉప్పు తగ్గితే మాత్రం వీధంతా వినపడేలా చెప్పేవాళ్ళు." అని తువ్వాలు తమ్ముడి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"నా మీద కోపం రాలేదా?" అన్నాడు ఆకురాయి, ముఖం తుడుచుకుంటూ.

"రాకేం? మూడు రోజులు నీ ముఖం చూడాలనిపించలేదు. లేత్ మీద పెట్టి చెక్కేటప్పుడు ఉంది కోపం. తేదీ గీశాక చూసుకుంటే లేదు." బావ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ మలుపు మాత్రం ఇప్పటికీ కల్లోకి వస్తుంది. అబద్ధమెందుకు? కల్లో కూడా వెధవ బండి ఎక్కదు."

మేనకోడలు నోటుపుస్తకం తెరిచి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఆదివారానికి దీంట్లోంచి ఇంకొంచెం బలం లాగొచ్చా?"

ఆ 'ఇంకొంచెం' వినగానే బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బావ నవ్వాడు. తర్వాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్లకు ఒళ్ళు మండింది.

"లాగొచ్చు. మూడో మలుపు వెడల్పు చేశారట, అంత నెమ్మదించక్కర్లేదు. అర మిల్లీమీటరు తియ్యొచ్చు" అని బావ కిటికీ గూట్లోంచి పాత ఉక్కు సూది తీశాడు. సిలిండరు లోపలికి పెట్టబోయాడు. సూది మొన గోడకు టకటకా తగులుతోంది. రెండోసారి ప్రయత్నించాడు. మూడోసారి ప్రయత్నించలేదు. సూదిని బావమరిది వైపు చాపాడు.

"ఇవాళ గీత కూడా నీదేరా."

"వద్దు బావా. నన్ను నమ్మకు."

"నమ్మడం మానేస్తే గదా మళ్ళీ నమ్మడానికి! గియ్యి."

ఆకురాయి స్టూలు లాక్కుని పాత చోటే కూర్చున్నాడు. పుస్తకంలో కొలత రెండుసార్లు చూసుకున్నాడు. ఊపిరి బిగబట్టి గీత గీశాడు. మేనకోడలు కొలిచి తలూపాక సంచిలోంచి ఆకురాయి తీసి అంచు అరగదీయసాగాడు. ఆ చప్పుడు వింటూ బావ కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు ఆగాక తెరిచాడు.

"ఆగావా?"

"ఆగాను బావా. గీత దగ్గరే."

బావ వేలు పెట్టి అంచు తడిమి చూశాడు. తర్వాత సిలిండరును బోర్లించి, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని, పాత తేదీ కింద ఆ రోజు తేదీ తనే గీశాడు. అంకెలు వంకర్లు పోయాయి. అయినా చదవడానికి వస్తున్నాయి.