పిట్టలు పోలేని ఇల్లు

ఆదివారం వస్తే వంశీ తెల్లవారకముందే లేచి బండి మీద కంభం చెరువుకు పోయేవాడు. మెడలో కెమెరా, దాని ముందు వాళ్ళ నాయన ఎప్పుడో మద్రాసులో కొన్న పొడుగాటి పాత లెన్సు. మార్కాపురంలో నాయన పెట్టిన ఫోటో స్టూడియోనే ఇప్పుడు వంశీ నడుపుతున్నాడు. వారమంతా మామూలు లెన్సుతో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు. ఆదివారం మాత్రం పిట్టలది. ఎండెక్కేసరికి తిరిగొచ్చి, భార్య శిల్ప పెట్టిన ఉప్మా తింటూ, కెమెరా వెనక చిన్న తెరలో ఫోటోలు చూపించేవాడు. సాయంత్రానికి ఆ ఫోటోల్లోని పిట్టలు వచ్చి మిద్దె మీద వాలేవి.

ఆ లెన్సు గుణం అంత. దాంతో ఎవరిని తీస్తే వాళ్ళు ఆ ఇంటికి కట్టుబడిపోతారు. ఫోటో ఉన్నన్నాళ్ళూ పోలేరు. పిట్టలు పగలు మేతకు పోయినా పొద్దు వాలేసరికి వచ్చేసేవి. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కుళాయి దగ్గర పక్కింటి సుబ్బులు, కూరేంది అని అడిగినట్టే, "ఈ వారం ఏం పిట్టలొచ్చినాయి రోశమ్మక్కా?" అని అడిగేది.

"ఏందో, తల మీద నల్ల చారల బాతులంట. మిద్దెంతా పెంటే," అని వంశీ తల్లి రోశమ్మ చీపురు తీసుకుని మెట్లెక్కేది.

కొమరోలు దగ్గర కొండయ్య అనే రైతు సజ్జ చేలో గులాబి గోరింకలు పడితే వంశీని బతిమాలి తీసుకుపోయాడు. మరుసటి రోజుకు గుంపంతా ఈ మిద్దె మీదే ఉంది. కొండయ్య చేను దక్కింది.

శిల్పది వెలిగండ్ల దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో తానూ వంశీ వెనక కూర్చుని చెరువు కట్టకు పోయేది. నీళ్ళ మీద పొగమంచు విడిపోతుంటే, మాట్లాడకుండా అతని పక్కన కూర్చోవడం ఆమెకు బాగుండేది. ఒకసారి, "నన్నూ ఒక ఫోటో తీయి," అని అడిగింది. వంశీ లెన్సు మీద చెయ్యి పెట్టి, "దీంతో వద్దులే," అని ఫోనుతో తీశాడు. ఆ రోజంతా ఆమెకు ఆ మాటే గుర్తొచ్చి సంతోషంగా ఉండింది.

శివరాత్రి దాటాక ఎండలు ముదిరాయి. చెరువు నీళ్ళు వెనక్కి జరిగాయి. చలికాలానికి వచ్చిన పిట్టలు ఉత్తరాదికి పోవడం మొదలైంది. మిద్దె మీదవి మాత్రం పోలేదు. మెల్లగా అరుపులు మానేశాయి. పిట్టగోడ పొడుగునా వరుసగా కూర్చుని, బాతులూ గోరింకలూ అన్నీ ఉత్తరం వైపే చూస్తుండేవి. గింజలు చల్లినా తలలు తిప్పేవి కాదు. ఆరేసిన చీర తీయడానికి పోయిన శిల్ప ఆ నిశ్శబ్దంలో ఎక్కువసేపు నిలబడలేక దిగి వచ్చేసింది.

"వాటి ఫోటోలు చెరిపెయ్ వంశీ. ఎండకు చచ్చిపోతాయి," అంది.

"ఇంకా కొన్నాళ్ళు ఉండనీ," అన్నాడు. "పోతే మళ్ళీ వస్తాయో రావో."

ఆ వారమే శిల్పకు టీచరు ఉద్యోగం వచ్చింది. చంద్రశేఖరపురం అవతల ఒక పల్లె బడి. రోజూ పోయి రావడం కుదరదు, అక్కడే గది తీసుకుని ఉండాలి. సెలవులకు వస్తానంది. రోశమ్మ చక్కెర తెచ్చి ఆమె నోట్లో పోసింది. వంశీ మాత్రం, "నేను వద్దంటే?" అన్నాడు.

"ఎందుకంటావు?"

అతను అరుగు మీద కూర్చుని మెత్తటి గుడ్డతో లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. లోపల బియ్యం చెరుగుతున్న రోశమ్మ చేతులు ఆగిపోయాయి.

మధ్యాహ్నం వంశీ స్టూడియోకు పోయాక ఆమె కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"వాడు కెమెరా పట్టుకుంటే ఎదురుగా నిలబడబాక. మీ మామ నన్ను ఆ లెన్సుతోనే తీసినాడు. ఆ ఫిల్మ్ యాడ పెట్టినాడో చెప్పకుండానే పోయినాడు. కొమరోలులో మా అన్న చచ్చిపోతే పలకల గనుల దాకా పోగలిగినా. ఆడి నుంచి కాళ్ళు వెనక్కి తిరిగినాయి."

మోకాళ్ళ నొప్పి గురించి చెప్పినట్టే చెప్పింది.

బయలుదేరాల్సిన రోజు పొద్దున శిల్ప పెరట్లో తల దువ్వుకుంటోంది. మెట్ల మీద నుంచి టక్కుమని చప్పుడైంది. తల తిప్పేసరికి వంశీ కెమెరా దించుతున్నాడు.

"గుర్తుగా ఉంటుందని," అన్నాడు.

ఆమె బ్యాగు తీసుకుని బస్టాండుకు పోయి బస్సెక్కింది. ఊరు దాటి, గనుల పక్కన పారబోసిన పలకల ముక్కల గుట్టలు కనబడగానే, ఆమె కాళ్ళు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చోబోయింది. మోకాళ్ళు వంగలేదు. కండక్టరు ఆమె మొహంలోకి చూశాడు.

"ఫోటో తీసినారా అమ్మా?"

శిల్ప తలూపింది. అతను విజిల్ వేసి బస్సు ఆపించి, బ్యాగు కిందికి అందించాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలామె, "ఎండగా ఉంది, కొంగు కప్పుకో తల్లీ," అంది. బస్సు పోయింది. శిల్ప కాళ్ళు ఇంటిదారి పట్టాయి.

ఆ పూట వంశీ ఇష్టంగా అన్నం తిన్నాడు. "ఆదివారం చెరువుకు పోదాం, నువ్వు కూడా రా," అన్నాడు, కొత్తల్లో మాట్లాడినంత ప్రేమగా. సాయంత్రం శిల్ప బట్టల కోసం మిద్దె ఎక్కింది. చీకటి పడేదాకా రాకపోతే రోశమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కోడలు పిట్టగోడ దగ్గర, పిట్టల వరుసలో ఒకతిగా నిలబడి, బస్సు పోయిన రోడ్డు వైపు చూస్తోంది. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి తిప్పాల్సి వచ్చింది.

ఫోటోలున్న మెమరీ కార్డును వంశీ చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు. చొక్కా మార్చినప్పుడల్లా అదీ కొత్త జేబులోకి మారేది. రెండు పెళ్ళిళ్ళు వరసగా పడి, నిద్ర లేక, ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి చొక్కా విప్పి మంచం కోడుకు తగిలించి పడుకున్నాడు. రోశమ్మ ఆ చొక్కా తీసుకుని పెరట్లోకి పోయింది. జేబు చూడలేదు. నీళ్ళలో ముంచి, బండ మీద ఒక్క దెబ్బ వేసింది.

గోరింకలు లేచాయి. మిద్దె మీద నుంచి నల్లటి నీడ పెరటి మీదుగా జారిపోయింది. ఇంకో దెబ్బకు బాతులు లేచాయి. ఇంకో దెబ్బకు, వంటింట్లో కూరగాయలు తరుగుతున్న శిల్పకు చీలమండల దగ్గర బిగించిన తాడేదో ఊడినట్టయింది. కత్తిపీట వదిలేసి బయటికొచ్చింది. రోశమ్మ చొక్కా పిండుతోంది. జేబులోంచి నల్లటి ముక్కలు రాలాయి.

"బస్సుకు టైముంది. పో," అంది.

"నువ్వు కూడా రా అత్తా."

"నాది ఈ జేబులో లేదు గదమ్మా."

వంశీ లేచేసరికి ఇల్లు బావురుమంటోంది. మిద్దె మీదికి చూశాడు, ఆరేసిన చొక్కా చూశాడు. అరవలేదు. అదే అతని నాయన తీరు కూడా. కెమెరాలో కొత్త కార్డు వేసి మంచం మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి కూర్చున్నాడు.

"బండి మీద పోతే దారిలోనే కలుస్తా," అన్నాడు. "తీసుకొస్తా."

రోశమ్మ కెమెరా చేతిలోకి తీసుకుంది. మొగుడు తీస్తుంటే చూసింది, కొడుకు తీస్తుంటే చూసింది. ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలుసు.

"వంశీ, ఇట్ల చూడు నాయనా."

నీళ్ళు కారుతున్న మొహంతో అతను తిరిగాడు. టక్కుమంది.

ఆమె కార్డు ఊడదీసి కొంగున ముడేసుకుని మొలలో దోపుకుంది. వంశీ చొక్కా కూడా తొడుక్కోకుండా బండి తీశాడు. చప్పుడు వీధి దాటి, పెద్ద రోడ్డెక్కి, గనుల వైపు సన్నగిల్లింది. రోశమ్మ ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎసరు పొంగేలోగా బండి చప్పుడు మళ్ళీ ఇంటి ముందుకొచ్చి ఆగింది.

"అది ఇయ్యమ్మా," అన్నాడు వంశీ గుమ్మంలో నిలబడి. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"నా ఫిల్మ్ వెతికి తీసుకురా. దానికి బదులు ఇదిస్తా. ఇద్దరం ఒకే రోజు ఊరు దాటిపోదాం."

అన్నం తిన్నాక వంశీ స్టూడియోలో అటకకు నిచ్చెన వేశాడు. పైన నాయన కట్టి పెట్టిన అట్టపెట్టెలు గోడ దాకా ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. రోశమ్మ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది.