ఓబులయ్య పళ్ళు చూసొచ్చిన కాలేజీలు

నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టును. ఆప్షన్ల గడువు ముగియడానికి మూడు గంటలే ఉందనగా, ఇందుజ డెంటల్ కాలేజీల వరుసలో మొదట పెట్టుకున్న పేరును ఎవరో అట్టడుగుకు నెట్టేశారని తెలిసిన క్షణాన, నేను ఆమె తాత ఓబులయ్య నోట్లో ఉన్నాను.

"అమ్మా! ఎవురో నా లిస్టు మార్చేసినారు!"

ల్యాప్‌టాప్ ముందు నుంచి ఇందుజ అరిచిన అరుపుకు వంటింట్లో తల్లి సుబ్బరత్న చేతిలోని గరిటె కింద పడింది. ఓబులయ్య మాత్రం ఉలిక్కిపడలేదు. నన్ను గట్టిగా కరిచిపట్టాడు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

నా పుట్టుక కొండ కింది పాత డెంటల్ కాలేజీలో. గోడలకు పెచ్చులూడే చోటు. చదువు ముగియవచ్చిన ఒక అమ్మాయి ఓబులయ్య చిగుళ్ళకు అచ్చు తీసి, మైనంలో నా పళ్ళు ఒక్కొక్కటే గుచ్చింది. కుడివైపు ఎత్తు వచ్చింది. వెనక నిలబడ్డ మేడమ్ "మళ్ళీ పెట్టు" అంది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అలా నాలుగుసార్లు. పక్కన స్టూలు మీద ఎనిమిదేళ్ళ ఇందుజ ఆ మైనం వాసన పీలుస్తూ కళ్ళార్పకుండా చూసింది. పళ్ళ డాక్టరు కావాలన్న కల ఆ స్టూలు మీదే పుట్టింది. ఆమె స్టూలును మరిచిపోయింది, కలను మాత్రం ఉంచుకుంది. మనుషులు అంతే.

ఓబులయ్య కునుకు తీసే మధ్యాహ్నాలు నావి. కిటికీ పక్క గాజుగ్లాసులో, నీళ్ళ అడుగున పడుకుంటాను. అక్కణ్ణించి చూస్తే లోకమంతా మెత్తగా ఊగుతుంది. ఇందుజ ల్యాప్‌టాప్‌లో రోజూ తెరిచే హైవే పక్క అద్దాల కాలేజీ కూడా, దీపాలు వెలిగించుకున్న ఓడలా ఆ నీళ్ళలో తేలేది. ఏసీ హాస్టలు, నీలి వెలుగులో మెరిసే కుర్చీలు. చూస్తూ చూస్తూ నేనూ ఆ ఓడ ఎక్కేసేవాణ్ణి. మనుషులు కట్టుడు పళ్ళను కొరికి చూసి తీసుకుంటారు. కాలేజీని మాత్రం గేటు చూసి ఎంచుకుంటారు.

పోయిన నెల ఓబులయ్య నన్ను రెండు కాలేజీలకూ తిప్పాడు. ఇంట్లో చెప్పలేదు. అక్కడ చెప్పిన సాకు, పళ్ళు వదులయ్యాయని. నేను వదులు కాలేదు. ఆ నింద నాకు ఇప్పటికీ బాధే. అద్దాల కాలేజీలో నన్ను అందుకున్న చేతులు చల్లగా, సుతారంగా ఉన్నాయి. కానీ పై వరుస ఏదో కింది వరుస ఏదో తెలియక తలకిందులుగా పట్టుకున్నాయి. కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కొండ కింద మాత్రం ఒక కుర్రాడు వేలితో తడిమి, "తాతా, ఇది బిగుతుగానే ఉంది. ఎందుకు అబద్ధం?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండు చోట్లా ఓబులయ్య బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆయన నాలుక నన్ను వెనక నుంచి తడుతూ ఏదో లెక్కపెట్టింది. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరు. నలుగురు కనబడితే చాలు, తలలు లెక్కపెడతాడు.

ఇంకో సంగతి. పళ్ళు లేకుండా గడప దాటని ఆ మనిషి నిన్న మధ్యాహ్నం నన్ను గ్లాసులో వదిలేసి ఎక్కడికో వెళ్ళొచ్చాడు.

"నెట్టు సెంటరోడు ఏమన్నా చేసినాడేమో," అంది సుబ్బరత్న.

"ఓటీపీ లేకుండా తెరుచుకోదుమా. ఆ ఓటీపీ..." ఇందుజ ఆగిపోయింది. దరఖాస్తు రోజు తన ఫోను పగిలి, జేజినాయన నంబరు ఇచ్చిన సంగతి గుర్తొచ్చింది. మెల్లగా తిరిగింది. "నీ ఫోనుకే కదా వచ్చేది, జేజినాయనా?"

"మామా!" అంది సుబ్బరత్న నోరు తెరిచి.

"నా అయిదేండ్లు జేజినాయనా! ఏ కాలేజీ ముందుంటే దాంట్లోనే సీటిస్తారు. నన్నొక మాట అడగాల్నా లేదా?" అంది ఇందుజ.

ఓబులయ్య నన్ను బయటికి తీసి, తువాలుతో తుడిచి, ఆమె అరచేతిలో పెట్టాడు. బోసినోటితో చెప్పాడు:

"నేనే పాపా. నెట్టు సెంటరుకు పోయి నేనే మార్పించినా. పండ్లుంటే దావలో ఎవురితోనన్నా నోరు జారతానని తీసిపెట్టి పోయినా. తలకాయలు లెక్కపెట్టడం తప్ప నాకు వేరే సదువు లేదు. నీ అద్దాల కాలేజీకి పండ్లు చూపించుకోను పొద్దన్నుంచి పదకొండు మంది వచ్చినారు, దాంట్లో నేనొకణ్ణి. కొండ కింద మూడు నూర్లా పన్నెండు. పదకొండు నోర్లు పెట్టుకోని అంతమంది పిల్లోళ్ళు ఏం నేర్చుకుంటారు? నిన్ను అడక్కుండా చేసింది తప్పే. ఇంకా టైముంది, ఓటీపీ వస్తే చెప్తా, నీకిష్టమొచ్చినట్టు మార్చుకో. గానీ ముందు నీ చేతిలోదాన్ని ఒకసారి తిప్పి చూడు. ఆ పొద్దు స్టూలు మీద కూచోని, నేను గూడా ఇట్లే చేస్తా జేజినాయనా అంటివి. ఆ మాట నమ్మే లెక్కపెట్టుకోనొచ్చినా."