దీనమ్మ తల తూర్పున

మా పల్లె చర్చిలో ఉజ్జీవ సభల మూడో రోజు సాయంత్రం ఆరోగ్యస్వామి లేచి, తానొక పాపం ఒప్పుకోవాలన్నాడు. నేను అప్పుడే లేచి ఇంటికి వెళ్ళిపోవలసింది. కాని అతను ఒప్పుకోబోయేది మా సంగతేనని నాకెలా తెలుస్తుంది?

చిలకలూరిపేట నుంచి వచ్చిన ప్రసంగీకుడు మూడు రోజులుగా ఒకటే చెబుతున్నాడు. ప్రభువు రాకడ ఈ సంవత్సరం దాటదు. బూర మోగగానే సమాధులు తెరుచుకుంటాయి. తీర్పు దినాన దాచిపెట్టిన ప్రతి పాపాన్నీ అందరి ముందూ చదువుతారు. అంతకు ముందే ఒప్పుకున్నవాళ్ళది చదవరు. అది ఎనభై నాలుగు మే నెల. మిరప కోతలు అయిపోయాయి, జనానికి తీరిక దొరికింది. ఒకతను పొలం గట్టు జరిపానన్నాడు. ఒకామె పక్కింటివాళ్ళ కోడిని కోసుకు తిన్నానంది. కోడి గలావిడ ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఆ గొడవ సద్దుమణగడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత లేచాడు ఆరోగ్యస్వామి.

మా పల్లెలో ఎవరు పోయినా శవపేటికకు మేకులు కొట్టేది అతనే.

"నాలుగేళ్ళ కింద దీనమ్మక్క పోయిన రోజు నేను తాగున్నా," అన్నాడు ఏడుస్తూ. "వాన పడతంది. తొందరలో పెట్టె మూత తిప్పి కొట్టా. మూత మీద సిలువ కాళ్ళ కాడికొచ్చింది. మోసేటప్పుడు సిలువ వైపు తేలిగ్గా ఉంటే అప్పుడు తెలిసింది నాకు. నోరు మెదపలా. ప్రభువా, నన్ను క్షమించు."

"హల్లెలూయ" అన్నారు అందరూ. దీనమ్మ నా భార్య.

మావాళ్ళు చనిపోయినవారి తల పడమటికి, కాళ్ళు తూర్పుకి ఉండేలా పూడుస్తారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు గనక, లేచి కూర్చోగానే ఆయన ఎదురుగా కనబడాలని. మా వడ్రంగి చేసే పెట్టె రెండు వైపులా ఒకటే వెడల్పు. తల ఎటుందో చెప్పేది మూత మీది సిలువ ఒక్కటే. ఆ రోజు సిలువ పడమట ఉండటం అందరం చూశాం. దాని కింద దీనమ్మ పాదాలున్నాయి.

ఆడవాళ్ళ వైపు నుంచి రాహేలత్త లేచి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె దీనమ్మ తల్లి. నాకు మేనత్త కూడా. దీనమ్మ పోయాక మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. మర్నాటి నుంచి ఆమె అన్నం ముట్టలేదు, మజ్జిగ మాత్రం తాగేది.

"అందరూ లేచి ప్రభువు కాడికి నడుస్తంటే నా బిడ్డ ఒక్కతే పడమటికి తిరిగి కూచునుంటది. ఏందిరా ఇది?"

"చచ్చినవాళ్ళని లేపగలిగినవాడు ఇటు తిప్పలేడా అత్తా?"

"తిప్పుతాడు. కాదన్నానా? ఆయన తిప్పేదాకా దానికేం కనపడతది? అందరి వీపులు. తనని వొదిలేసి పోతన్నారనుకుంటది."

"అదంతా రెప్పపాటులో అయిపోతుందని వాక్యంలోనే ఉంది."

"ఆ చదువు నీ కాలేజీలో చెప్పుకో. జొరమొస్తే అది రెప్పపాటు కూడా నా చెయ్యి వొదిలేది కాదు. తవ్వించు. నా బిడ్డని తిప్పించు."

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. రాకడ గురించి నేనేం నమ్ముతానో నాకే సరిగ్గా తెలియదు. కాని ఆమె నమ్ముతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి అన్నం మానేసి కూర్చుంటే, నా నమ్మకం ఎవరికి కావాలి?

ఆరోగ్యస్వామి దారిలో ఎదురుపడ్డాడు. ముఖం కళకళలాడుతోంది.

"మనసు తేలికైందా?" అన్నాను.

"దూదిపింజలాగుంది బావా. నాలుగేళ్ళ తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయా."

అతన్ని కొట్టాలనిపించింది. నా జీవితంలో నేనెవరినీ కొట్టలేదు. అతనికి బరువు దింపుకోవడానికి మా గుమ్మమే దొరికింది. ఆ వారంలో అతని నిద్ర కూడా పోయిందనుకోండి. తండ్రిని పూడ్చినవాళ్ళూ, మొగుణ్ణి పూడ్చినవాళ్ళూ అతని ఇంటి ముందు నిలబడి, "మా మూత మాటేంది?" అని అడగడం మొదలుపెట్టారు.

"మీ నాయన రోజున నేను తాగలా అన్నాయ్!"

"ఏ రోజు తాగావో, ఏ రోజు తాగలేదో నీకు గుర్తుండి చచ్చిందంట్రా?"

అందువల్లే నేను వెళ్ళి అడిగితే పాస్టరు గారు భయపడ్డారు. "ఒక్క సమాధి తవ్వనిస్తే పల్లెంతా గునపాలు పట్టుకొస్తారండీ. కమిటీలో పెడదాం," అన్నారు. కమిటీ కూడేది జూలైలో. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా తవ్వకూడదని కూడా ఆయనే చెప్పారు. ఎండన పడి తాలూకా ఆఫీసుకు వెళ్ళాను.

శివరామయ్య అనే గుమాస్తా నా అర్జీ తీసుకుని చదివాడు.

"కారణం, దిక్కు సరిచేయుటకు. ఇదేంది మాస్టారూ? చావు మీద అనుమానమా?"

"కాదండీ."

"పోలీసు కేసా? ఆస్తి తగాదానా?"

"అదీ కాదు."

"మరి తవ్వటం దేనికండీ?"

చెప్పాను. చుట్టుపక్కల బల్లల దగ్గరివాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అతను నవ్వలేదు. లేచి తన కూజాలోని నీళ్ళు గ్లాసులో పోసి నా చేతికిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"మా నాయన అస్థికలు కృష్ణలో కలపటానికి నేను తీసకపోతంటే బస్టాండులో తొక్కిడికి కుండ పగిలిందండీ. చేతికందినకాడికి ఎత్తుకున్నా. మా అమ్మకి ఈ రోజుదాకా చెప్పలా." కాసేపు అర్జీ వంక చూసి, "మీవాడు కూడా చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

నెల రోజులుగా ఎవరూ అనని మాట అది. ఆ గ్లాసు నీళ్ళు తాగుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

"మరి ఇది?" అన్నాను అర్జీ చూపించి.

"పైకి పంపుతా. వాళ్ళు ఏదో ఒక కొర్రీ వేసి తిప్పి పంపుతారు. తక్కువలో తక్కువ ఏడాది పడతది."

ఏడాది! ప్రభువే డిసెంబరు దాటడని మావాళ్ళు లెక్క కట్టుకుని కూర్చున్నారు.

ఇంటికి వచ్చేసరికి రాహేలత్త గుమ్మంలోనే ఉంది. "ఇచ్చారా పర్మిషను?" అంది. నెల రోజుల ఎండా, తిరుగుడూ ఒక్కసారి నా నోట్లోకి వచ్చాయి.

"ఏం తిప్పమంటావు అత్తా? నాలుగేళ్ళయింది. అక్కడ నీ కూతురు లేదు. పెట్టె కూడా మిగిలి ఉండదు. తిప్పడానికి ఎముకలు తప్ప ఏమీ లేవు!"

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. తీర్పు దినాన నావి ఏవైనా చదివితే ముందుగా ఆ మాటలే చదువుతారు.

మర్నాడు తెల్లవారేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. దొడ్లో లేదు, బావి దగ్గర లేదు. సమాధుల దొడ్డికి పరుగెత్తాను.

అక్కడ ఉంది. దీనమ్మ సమాధికి పడమటి పక్కన, నేల మీద పీట వేసుకుని, తూర్పు ముఖంగా కూర్చుంది.

"ఏం చేస్తున్నావత్తా ఇక్కడ?"

"కనపడటల్లా? అదిప్పుడు లేస్తే ఇటే చూస్తది. నేను ఎదురుగా ఉంటా. 'అటు తిరగవే, ప్రభువొచ్చాడు' అంటా. తిరుగుద్ది." పీట మీద కాస్త సర్దుకుంది. "ఈమాత్రం దానికి తవ్వటాలూ, కాయితాలూ ఎందుకురా? నువ్వు చదువుకున్నోడివి, నీకన్నా తోచగూడదూ?"

రాత్రి అన్న మాటకు క్షమించమని అడిగాను.

"ఎముకలేగా ఉండేది," అంది తాపీగా. "ఆయన లేపేది వాటినే."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"ఎండెక్కేదాకా. ఆయన పొద్దున్నే వస్తాడని నాకనిపిస్తంది."

"ఆయన వచ్చేలోగా నువ్వే పోతే?"

"నన్ను ఇక్కడే పెట్టు, దీని కాళ్ళకి ఎదురుగా. లేచి కూచుంటే ఒకరి మొహం ఒకరికి కనపడతది. నా తల మాత్రం నువ్వే దగ్గరుండి చూసుకో. ఆ ఆరోగ్యస్వామిని మేకులు ముట్టుకోనియ్యబాక."

సమాధుల వరస తప్పుతుందని కమిటీవాళ్ళు ఆ చోటు ఇవ్వనన్నారు. జూలైలో, ఆగస్టులో, మళ్ళీ అక్టోబరులో వాళ్ళతో పోట్లాడితే క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు సరేనన్నారు. సంవత్సరం దాటింది. ప్రసంగీకుడు మళ్ళీ మా వైపు రాలేదు. రాహేలత్త మటుకు రోజూ అన్నం తింటోంది, తెల్లవారగానే పీట నా చేతికిచ్చి ముందు నడుస్తోంది.

నిన్న పొద్దెక్కినా పీట మీంచి లేవలేదు. మంచుకు ఆమె పాదాలు చల్లబడిపోయాయి. నా తువాలు తీసి వాటి మీద కప్పాను.

"ఈ రోజు కూడా రాలేదుగా అత్తా. పద, బస్సు టైమైంది, నేను కాలేజీకి పోవాలి."

"ఉండరా కాసేపు. నీ బస్సు ఏనాడన్నా టైముకొచ్చిందా? అయినా దానికోసం రోజూ పోయి నిలబడటల్లా నువ్వు?"

ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.