పెద్దత్తయ్య చూసిన ఫ్యాను

శనివారం పదింటికి కోడలికి లైబ్రరీ ఉద్యోగం పరీక్ష. ఇంట్లోనే, కంప్యూటర్ ముందు. మధ్యలో నెట్ ఆగిందా, మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూపులే. ఇక్కడేమో నెలకిచ్చిన డేటా మంచుగడ్డలా కరిగిపోతోంది. సోమవారం పదహారు జీబీ ఉండగా, బుధవారం పొద్దుటికి ఆరే మిగిలాయి.

ముందు భర్తను నిలదీసింది.

"ఆటలన్నీ ఆఫీసులోనే చూస్తాను, ఒట్టు!" అన్నాడాయన, అదేదో ఘనకార్యంలా.

కూతురి ట్యాబ్ సోమవారమే బీరువాలోకి వెళ్ళింది. ఇక మిగిలింది అత్తగారు. ఫోనొస్తే పచ్చబొత్తాం నొక్కాలా, ఎర్రదా అని ఇప్పటికీ అడిగే మనిషిని ఏమని అనుమానిస్తాం?

ఎవరి ఫోను ఎంత లాగుతోందో చూద్దామని రౌటర్ పేజీ తెరిచింది. అందరికంటే పైన అత్తగారే!

ఆవిడ హాల్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పక్కన బల్ల మీద ఫోను వెల్లకిలా పడుంది.

"అత్తయ్యా, ఇందులో ఏం చూస్తున్నారు?"

"నేనేం చూస్తానే? అక్క ఉంది అందులో."

"ఎప్పట్నుంచి?"

"పొద్దున టీ తాగినప్పట్నుంచి. రోజూ ఉంటుంది. తన పని తనది, నా పని నాది. ఊరికే, తోడుగా."

"నాకన్నీ వినబడుతూనే ఉంటాయి," అంది ఫోనులోంచి పెద్దత్తయ్య. "ఏమ్మా, గట్టిగా చదువుతావు గానీ, పుస్తకాలు సర్దే పాఠంలో మూడో అంశం రోజూ ఎగ్గొడుతున్నావు. ఇంకో మాట. నెల్రోజులుగా నాకు కనిపించేది మీ ఫ్యానొక్కటే. ఆ రెక్కల మీద దుమ్ముతో దిండు కుట్టొచ్చు."

ఇల్లు అద్దంలా ఉంచుతుందని పేరున్న కోడలి మొహం కందగడ్డయింది.

"పెద్దత్తయ్యా, శనివారం దాకా వీడియో ఆపేద్దాం. మాట ఒక్కటే చాలు."

"అలాగే. నువ్వు చదువు, నేను తప్పులు పడతా."

పరీక్ష జరిగినంతసేపూ అత్తగారు ఫోను కట్టేసి, గదిలో ఊపిరి బిగపట్టి కూర్చుంది. నెట్ ఆగలేదు. మూడో అంశం రానే వచ్చింది. చివరికి అర జీబీ మిగిలింది కూడా.

కోడలు తిన్నగా తడిగుడ్డ పట్టుకుని స్టూలెక్కింది. దిగాక అంది:

"అత్తయ్యా, ఒక్క నిమిషం వీడియో పెట్టండి."

పెద్దత్తయ్య తీరిగ్గా చూసింది.

"తళతళలాడుతోంది. ఇప్పుడు ఆ మూల బూజు బాగా కనబడుతోంది."