మేనేజరు మింగని మాత్రలు

సోఫా మేస్త్రికి ఒక పట్టింపు ఉంది. కూర్చునే దిండుకీ వీపు ఆనే దిండుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత సందు వదిలి తీరాలి. మిగతా షాపుల వాళ్ళు ఆ సందుని గుడ్డతో మూసి కుట్టేస్తారు. మేస్త్రి ససేమిరా ఒప్పుకోడు. "సోఫాలో పెన్ను పడుతుంది, దువ్వెన పడుతుంది, ఉంగరం పడుతుంది. చెయ్యి పెట్టి తీసుకునే దారి లేకపోతే అది సోఫా ఎలా అవుతుందండీ, డిబ్బీ అవుతుంది గానీ!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ సందుకి ఇంకో ఉపయోగం కూడా ఉందని అతనొక్కడికే తెలుసు. పది నెలల కిందట డాక్టరు అతనికి బీపీ ఉందని తేల్చి, రోజూ పొద్దున టిఫిన్ కాగానే వేసుకోమని గులాబీ రంగు మాత్ర ఒకటి రాసిచ్చాడు. మాత్ర మింగడమంటే ముసలితనానికి సంతకం పెట్టడమేనని మేస్త్రి నమ్మకం. ఆ నమ్మకాన్ని భార్య ముందు బయటపెట్టే ధైర్యం మాత్రం లేదు. ఆమె మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడేది. మేస్త్రి మాత్రని నాలుక కిందికి తోసి, నీళ్ళు గటగటా తాగి, "ఆ" అని నోరు తెరిచి చూపించి, ఇంటికి ఆనుకునే ఉన్న షాపులోకి పిల్లిలా జారుకునేవాడు. అక్కడ కుడుతున్న సోఫా సందులోకి మాత్రని నెట్టేసేవాడు. సోఫా అమ్ముడుపోయేది, సాక్ష్యం కూడా దాంతోపాటే వెళ్ళిపోయేది. ఎవరికైనా ఒకటీ అరా దొరికినా తమ ఇంట్లో వాళ్ళదేననుకుని ఊరుకునేవాళ్ళు.

ఈ బాగోతాన్ని రోజూ కళ్ళారా చూసే ప్రాణి ఒకటుంది. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి మడతపడి ఉండే గోధుమరంగు కుక్క అది. షాపులో స్పాంజి ముక్క మీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరి పనీ చూస్తుంది, తను మాత్రం ఒక్క పనీ చెయ్యదు. అందుకే సోఫాలు వ్యానులో చేరవేసే బావమరిది దానికి మేనేజరు అని పేరు పెట్టాడు.

ఉన్నట్టుండి ఒకరోజు మేనేజరు కుంటడం మొదలుపెట్టింది. ముందు కాలి వేలు గోరు మొదట్లో వాచి చీము పట్టింది. పశువుల డాక్టరమ్మ పద్నాలుగు తెల్ల మాత్రలు రాసింది.

"పూటకొకటి, ఏడు రోజులు. అన్నీ కడుపులోకి వెళ్తే తగ్గుతుంది. అన్నీ వేసినా తగ్గలేదంటే ఈ మందు దీనికి పనిచెయ్యనట్టే. చీము ఎముకలోకి దిగకముందే వేలు తీసేస్తాను. ఎనిమిదో రోజు నాలుగింటికి రండి."

మేస్త్రి వేళ్ళతో బతికేవాడు. వేలు తీసెయ్యడమనే మాట వినగానే తన చేతి వేళ్ళు గుప్పిట్లో దాచుకున్నాడు. పైగా మేనేజరంటే అతనికి చెప్పలేనంత ఇష్టం. అది పక్కన లేకపోతే కుట్టు వంకర పోయేది.

"మాత్ర వేసే పని మీదే," అంది భార్య. "మీరెంత బుద్ధిగా వేసుకుంటారో రోజూ చూస్తున్నాగా. దానికీ అలాగే నేర్పండి."

మేస్త్రి ఎటో చూస్తూ సరేనన్నాడు.

మొదటి పూట మాత్రని రొట్టె ముక్కలో పెట్టాడు. మేనేజరు రొట్టె తిని, మాత్రని కడిగి ఆరబెట్టినట్టు నేల మీద వదిలేసింది. రెండో పూట ఉడికించిన గుడ్డులో దాచాడు. గుడ్డు మాయమైంది, మాత్ర మిగిలింది. మర్నాడు పొడి చేసి పాలలో కలిపాడు. మేనేజరు గిన్నెని ఒకసారి వాసన చూసి, నీ పని నాకేం నచ్చలేదన్నట్టు అతని మొహంలోకి చూసి, స్పాంజి ముక్క మీదికి వెళ్ళి పడుకుంది.

సాయంత్రం ఇక బలప్రయోగానికి దిగారు. భార్య దాన్ని సోఫా గుడ్డలో చుట్టి పట్టుకుంది. బావమరిది ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో వెనక కాళ్ళు పట్టుకున్నాడు. టీ పక్కన పెట్టొచ్చుగా అంటే చల్లారిపోతుందన్నాడు. మేస్త్రి దవడలు విడదీసి, మాత్ర గొంతులో వేసి, మూతి బిగించి పట్టుకుని యాభై లెక్కపెట్టాడు. చెయ్యి వదలగానే మేనేజరు తుమ్మింది. మాత్ర ఎటు పోయిందో ఎవరికీ కనపడలేదు. గుడ్డ దులిపారు, బల్ల కింద వెతికారు. బావమరిది మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు అడుగుకేసి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"బావా, టీ ఏంటి చేదుగా ఉంది? నాకేమైనా అవుతుందంటావా?"

"ఏం కాదు. నీ గోళ్ళు బాగుంటాయి," అన్నాడు మేస్త్రి నీరసంగా. అప్పటికే అతని తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో రోజు సాయంత్రం మాత్రం అద్భుతం జరిగింది. విసిగిపోయిన మేస్త్రి ఏ మాయా లేకుండా మాత్రని అరచేతిలో పెట్టి చాపాడు. మేనేజరు మర్యాదగా అందుకుంది. తన గిన్నె దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. తిరిగొచ్చి భార్యాభర్తల ముందు నోరు బార్లా తెరిచింది. లోపల మాత్ర ఎక్కడా లేదు. తర్వాత కుంటుకుంటూ షాపులోకి వెళ్ళిపోయింది.

"చూశారా! అచ్చం మీలాగే!" అంటూ భార్య మురిసిపోయింది.

ఆ మాట మేస్త్రికి ఎక్కడో గుచ్చుకుంది. కానీ పొగడ్త తియ్యగా ఉంటుంది కదా, గుచ్చుకున్నది గబుక్కున మర్చిపోయాడు. ఆ పూట నుంచి మేనేజరు ఒక్క పూట కూడా పేచీ పెట్టలేదు. మేస్త్రి కనపడినవాళ్ళందరికీ కుక్కకి మందు ఎలా వెయ్యాలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. వాపు మాత్రం తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే రిటైరైన హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. రెండు రోజుల కిందటే ఆయన ఇంటికి కొత్త సోఫా పంపించారు. "ఒకసారి వచ్చి వెళ్ళు," అని మాత్రం అన్నాడు. మేస్త్రి వెళ్ళేసరికి ఆయన టీపాయి మీద మాత్రలు బారులు తీర్చి కూర్చున్నాడు, పిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టు. ఒక వరసలో ఆరు తెల్లవి, ఇంకో వరసలో పదకొండు గులాబీవి.

"కళ్ళజోడు పడిపోతే సందులో చెయ్యి పెట్టాను. ఇవి దొరికాయి. ఏంటయ్యా ఇది, సోఫాకి జ్వరమొచ్చిందా?"

మేస్త్రి వంగి రెండు వరసల్నీ చూశాడు. గులాబీవి ఎవరివో అతనికి తెలుసు. తెల్లవి ఎవరివో కూడా చూడగానే అర్థమైంది. మందు పనిచెయ్యకపోవడం కాదు, అసలు కడుపులోకే వెళ్ళలేదు! పట్టరాని సంతోషం వచ్చింది, ఆ వెనకే భయం కూడా వచ్చింది. కుక్క మాత్రలు చూపిస్తే వేలు దక్కుతుంది. కుక్క మాత్రలతోపాటు తన మాత్రలు కూడా బయటపడితే తన పని అయిపోతుంది.

హెడ్మాస్టరుకి ఏవో నాలుగు ముక్కలు బుకాయించి, మాత్రలన్నీ జేబులో పోసుకుని బయటపడ్డాడు. వీధి మలుపులో అటూ ఇటూ చూసి గులాబీవి ఏరి మురుక్కాలవలో పడేశాడు. తెల్లవి మాత్రం రుమాల్లో మూటగట్టాడు. తన తెలివికి తనే లోలోపల భుజం తట్టుకున్నాడు.

నాలుగింటికి ముగ్గురూ మేనేజరుని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ కాలు చూసి పెదవి విరిచింది.

"మాత్రలన్నీ వేశారా?"

"మొదట్లో కాస్త పేచీ పెట్టింది గానీ, తర్వాత అన్నీ దగ్గరుండి వేశారు డాక్టరుగారూ. నేను నోరు కూడా చూశాను," అంది భార్య.

"అయితే ఇక లాభం లేదు. ఇవాళే వేలు తీసేద్దాం."

మేస్త్రి గబగబా రుమాలు విప్పాడు. "వెయ్యలేదండీ! అంటే వేశాం గానీ అది మింగలేదు. దాని స్పాంజి ముక్క కింద దొరికాయి. మందు తప్పేం లేదు."

డాక్టరమ్మ ఆలోచించింది. "సరే. ఈ మందుకి ఇంజెక్షన్ లేదు, నోటితోనే వెళ్ళాలి. ఇప్పుడు నా కళ్ళ ముందు ఒకటి మింగించండి. మింగితే ఇంకో వారం చూస్తాను. మింగకపోతే ఆగడానికి లేదు."

మేస్త్రి మాత్ర ఉన్న అరచెయ్యి చాపాడు. మేనేజరు మర్యాదగా అందుకుంది. మూల ఉన్న గిన్నెలో నీళ్ళు తాగింది. తిరిగొచ్చి డాక్టరమ్మ ఎదురుగా నిలబడి నోరు బార్లా తెరిచింది. ఆమె "శభాష్" అనేలోపే తిన్నగా గోడవారనున్న బెంచీ దగ్గరికి వెళ్ళి, చిరిగిన సీటు సందులోకి మూతి పెట్టి, నాలుక కింది మాత్రని లోపలికి నెట్టి వచ్చింది.

డాక్టరమ్మ కళ్ళు తేలేసింది. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎముకలు దాచే కుక్కలున్నాయి. నీళ్ళు తాగి, నోరు చూపించి మరీ మాత్ర దాచే కుక్కని ఇప్పుడే చూడటం. ఎవరు నేర్పారు దీనికి?"

బావమరిది పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు. మేస్త్రి కుక్కిన పేనులా నిలబడ్డాడు. డాక్టరమ్మ నిట్టూర్చి, "మింగని కుక్కకి మందు రాసి ఏం చెయ్యను?" అంటూ కత్తెరలున్న ట్రే దగ్గరికి లాక్కుంది.

మేనేజరు మేస్త్రి వైపు చూసి తోకాడించింది. పని బాగా చేశాను కదా అని అడుగుతున్నట్టుంది దాని మొహం. ఆ చూపు మేస్త్రి భరించలేకపోయాడు.

"నేనే నేర్పాను," అన్నాడు. "కావాలని కాదు. నన్ను చూసి నేర్చుకుంది. నా బీపీ మాత్రలు సోఫా సందుల్లో పెట్టేస్తున్నాను. మొదట్నుంచీ. ఒక్కటి కూడా మింగలేదు."

భార్య చేతిలోని సంచీని గట్టిగా పట్టుకుంది. ఆమె కేకలేసుంటే మేస్త్రికి కాస్త తేలిగ్గా ఉండేది.

"నా మాత్ర ఒకటివ్వు," అన్నాడు ఆమె కళ్ళలోకి చూడకుండా. ఎక్కడికి వెళ్ళినా ఆమె సంచీలో అతని మాత్రలుంటాయి. ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. మేస్త్రి మేనేజరు ముందు గొంతుక్కూర్చుని, మాత్ర నోట్లో వేసుకుని మింగాడు. నోరు తెరిచాడు. నాలుక పైకెత్తాడు.

మేనేజరు అతను బెంచీ దగ్గరికి వెళ్తాడని ఎదురుచూసింది. వెళ్ళలేదు. అనుమానంగా అతని మూతి వాసన చూసింది. చేతులు చూసింది, జేబులు చూసింది. తనే వెళ్ళి బెంచీ సందు తనిఖీ చేసొచ్చింది. అందులో తన మాత్ర తప్ప ఇంకోటి లేదు. చివరికి వచ్చి, పై ఆఫీసు నుంచి కొత్త ఉత్తర్వులొచ్చినట్టు మొహం ముడుచుకుని కూర్చుంది. డాక్టరమ్మ ఇంకో మాత్ర అందిస్తే తీసుకుని, కరకర నమిలి మింగేసింది.

"ఒక్క వారం," అంది డాక్టరమ్మ ట్రే పక్కకి నెడుతూ. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "మీకు వైద్యం చేసే అర్హత నాకు లేదు. మీ డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి."

ముగ్గురూ మేనేజరుతో తిరిగి వ్యానెక్కారు. బావమరిది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నడిపాడు. సగం దారిలో భార్య అంది:

"పొద్దున మీరు నోరు తెరిచి చూపించగానే, హమ్మయ్య, ఇవాళ్టికి భయం లేదనుకునేదాన్ని. పది నెలలు అలా అనుకున్నాను."

"తప్పయిపోయింది."

"దాని వేలు పోతుందంటే ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. మీరే పోతారేమోనని నేను హడలిపోతుంటే ఒప్పుకోలేకపోయారు."

మేస్త్రి సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారమంతా ఆమె అతనితో అవసరమైనంతే మాట్లాడింది. మాత్ర తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. మేస్త్రి మేనేజరుకి ఎదురుగా కూర్చుని మింగేవాడు. మేనేజరు అతని జేబులు సోదా చేసి, తృప్తి పడ్డాకే తన మాత్ర మింగేది. ఒక్క పూట కూడా వదల్లేదు.

వారం తర్వాత డాక్టరమ్మ కట్టు విప్పి, కాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "వేలు ఉంటుంది," అంది.

మేస్త్రి ఆనందం పట్టలేక మేనేజరుని ఎత్తుకుని, జనం కూర్చున్న హాల్లోకి వచ్చాడు. వెనకే వచ్చిన భార్య, గుమ్మం దాకా వచ్చిన డాక్టరమ్మతో, "నిన్న ఈయన్ని కూడా మళ్ళీ డాక్టరుకి చూపించామండీ. బీపీ దిగిందన్నారు," అంది. అని, అక్కడే బెంచీ మీద కూలబడి భోరున ఏడ్చేసింది. అంతకాలం దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

హాల్లో పంజరం పట్టుకుని కూర్చున్న పెద్దాయన జాలిగా నాలుక చప్పరించాడు. "ఏడవకమ్మా. పాపం, ఎన్నేళ్ళు బతికిందో. ఇంకోదాన్ని తెచ్చుకుందువుగాని."

"కుక్క బాగానే ఉందండీ," అన్నాడు బావమరిది. "అక్క ఏడుస్తున్నది బావ గురించి."

"అయ్యో, ఎప్పుడు పోయారు?"

మేస్త్రి కుక్కని కిందికి దించి, ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన చూస్తున్నాడని కూడా సిగ్గుపడలేదు.

"రేపు కూడా వేసుకుంటాను," అన్నాడు. "ఎల్లుండి కూడా."

"వేసుకోకపోతే చంపేస్తాను," అంది ఆమె ఏడుస్తూనే, అతని చెయ్యి వదలకుండా.